వేరొండా, వేఱొండా? మెయిల్‌లో బండి ఱ కొట్టేదెట్లా?

నల్లగొండ నుంచి:
మా పాత తెలుగు సార్‌కి మెయిల్ రాస్తూ పోతన పద్యం పెడదామనుకున్నాను. "పలికెడిది భాగవత మఁట" అని మొదలుపెట్టి చివరి పాదం దగ్గర ఆగిపోయాను. "పలికెద వేరొండు గాథ"నా, "వేఱొండు"నా? సార్‌కి పంపేటప్పుడు తప్పు పోకూడదని టెన్షన్. పైగా మెయిల్ రాసేచోట నాకు ఱ, అరసున్న (ఁ) దొరకవు, ప్రతిసారీ ఎక్కడినుంచో కాపీ చేసి అతికిస్తున్నాను. సులువైన దారి చెప్పండి.

వనపర్తి నుంచి:
వేఱొండే. వేరు అంటే చెట్టుది, వేఱు అంటే ఇంకొకటి. తమిళంలో ఈ రెంటినీ ఇప్పటికీ విడివిడి అక్షరాలతోనే రాస్తారు. కీబోర్డును ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరికకి మార్చుకోండి, జె కొడితే ర, షిఫ్ట్ పట్టి అదే కొడితే ఱ. ఎక్స్ సున్న, షిఫ్ట్‌తో అరసున్న.

మిర్యాలగూడ నుంచి:
ఱ సరే, అందరూ జారేది దానికి ముందు. "నే పలికిన" కాదు, "నేఁ బలికిన". నేను లోని ద్రుతమే, అంటే చివరి న కారమే, అరసున్నగా మిగిలింది, దాని వల్లే ప బ అయింది. బ ఉంచి అరసున్న తీసేస్తే ఆ బ ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాళ్లకు తెలియదు.

సూర్యాపేట నుంచి:
గణాలు కట్టి చూశాను సార్. అరసున్నకు మాత్ర లేదు, నే ఎట్లాగూ గురువే. ప అయినా బ అయినా ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, "లి" మీదే. ఱ కూడా ప్రాసస్థానంలో లేదు. ఈ కంద పద్యం ఛందస్సు ఏ సాక్ష్యమూ చెప్పదు.

షాద్‌నగర్ నుంచి:
ప్రాసలో ఉన్నా తేలదన్నా. పోతన ర, ఱ లను ప్రాసలో కలిపేశాడనే, లాక్షణికులు, అంటే ఛందస్సు, వ్యాకరణాల నియమాలు రాసేవాళ్లు, భాగవతం నుంచి ఉదాహరణలు తీసుకోలేదని, తనూ అట్లాంటి లాక్షణికుడే అయిన అప్పకవి రాసిపెట్టాడు. కాకునూరి అప్పకవి! కాకునూరు మా పక్కన కేశంపేట మండలంలోనే ఉంది. నా అనుమానం ఏమంటే, పోతన చెవికి ఆ రెండూ ఒకటే అయిపోయాయి. అట్లాంటప్పుడు ఆయన వేరొండు అనే పలికి ఉంటాడు.

వనపర్తి నుంచి:
పలుకు వేరు, రాత వేరు. అప్పకవి తప్పు పట్టాడని మనం ఱ వదిలేస్తామా?

మిర్యాలగూడ నుంచి:
పై వాక్యంలో రెండు చోట్లా ఱ ఉండాలి కదా సార్.

సూర్యాపేట నుంచి:
నల్లగొండ మేడం, కంప్యూటర్‌లో క్లాసిక్ అవుట్‌లుక్ అయితే ఇంగ్లీషులో 0సి31 కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి, ఱ అవుతుంది. అరసున్నకు 0సి01. ఆటోకరెక్ట్‌లో ఒక్క అక్షరం పెడితే మాట మధ్యలో పనిచేయదు, "వేరొండు" మొత్తం మాటనే పెట్టాలి.

నల్లగొండ నుంచి:
ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నాను, పది నిమిషాల్లో చెయ్యి తిరిగింది. వేఱొండు, నేఁ బలికిన అనే పంపాను. షాద్‌నగర్ అన్న చెప్పింది మాత్రం మనసులో మెదులుతూనే ఉంది.

మిర్యాలగూడ నుంచి:
రెండో పాదం "పలికించెడివాఁడు"లో అరసున్న పెట్టారా?