శనివారం సాయంత్రం సినిమా: పాత బ్లాక్ అండ్ వైట్ సెట్, మిద్దె మీద యాంటెన్నా, 16 ఎంఎం తెర

చిక్కడపల్లి లైబ్రరీ
అందరికీ నమస్కారం. వినాయక చవితి రోజుల్లో మా కాలనీ లైబ్రరీలో ఒక గదిని వీడియో క్యాసెట్లు రాకముందటి ఇంటి హాలులా పెడుతున్నాం. 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి ఉంది: చెక్క పెట్టె, పక్కకు జరిపే తలుపులు, టకటకమని తిప్పే ఛానల్ ట్యూనరు, వెనక యాంటెన్నాకు రెండు స్క్రూలు. పదిహేనేళ్లకు పైగా కరెంటు చూడని సెట్ అది. అల్యూమినియం యాంటెన్నా, 16 ఎంఎం ప్రొజెక్టరు, నాలుగు రీళ్లు కూడా ఉన్నాయి. సెట్‌లో బొమ్మ రావాలి, ఒక రాత్రి మైదానంలో తెర కట్టాలి, పిల్లలకు చెప్పే మాటల్లో తప్పులు ఉండకూడదు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

కోఠి సిరీస్ బోర్డు
ముందు ఒక మాట. ఆ ప్లగ్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టకండి. 100 వాట్ల ఫిలమెంటు బల్బుతో సిరీస్ బోర్డు (బల్బు గుండా వెళ్లాకే సెట్‌కు కరెంటు చేరే బోర్డు) కట్టించి, దాని ద్వారానే మొదటిసారి కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి మసకబారితే సప్లయ్ దారిలో షార్టు లేనట్టే. అలాగే వెలుగుతూ ఉండిపోతే వెంటనే ఆపేయాలి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడో, దాన్ని నిలకడ చేసే మెయిన్ ఫిల్టర్ కెపాసిటరో షార్టు అయి ఉంటుంది. ఆ కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్ అదే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, తక్కువ పనికిరాదు. గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాత స్టాకు కొనకండి. వాడకుండా పడి ఉన్నా ఈ ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్ లోపల ఎండిపోతుంది.

వెనక మూత తీసేవాళ్లకు: పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద 15 వేల వోల్టుల దాకా ఉంటుంది. సెట్ ఆపేసిన చాలాసేపటికి కూడా ఆ ఛార్జి నిలిచే ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవరుకు తీగ చుట్టి, తీగ రెండో కొసను ట్యూబు బయటి నల్ల పూతను తాకే అల్లిక తీగకు బిగించాలి. తర్వాత ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవరు మొనను టోపీ కిందికి దూర్చాలి. ట్యూబు మెడ చాలా సున్నితం. అక్కడ దెబ్బ తగిలితే గాలి చొరబడి ట్యూబు పోతుంది, ఇప్పుడు ఇంకోటి దొరకడం కష్టం.

లోపాల గుర్తులు ఇవి. తెర మధ్య ఒకే ఒక అడ్డగీత వస్తే బొమ్మను నిలువునా పరిచే వర్టికల్ సెక్షన్ పనిచేయడం లేదు. ఆ గీతతో సెట్‌ను నడవనిస్తే అక్కడ పూత మాడి మచ్చ పడుతుంది, వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించి ఆపండి. బొమ్మ కిందికో పైకో దొర్లితే వర్టికల్ హోల్డ్, ఏటవాలు గీతలుగా చీలితే హారిజాంటల్ హోల్డ్ తిప్పాలి. తిప్పినా నిలవకపోతే ఆ దగ్గరి చిన్న కెపాసిటర్లు ఎండిపోయాయి. ఒక నల్లటి పట్టీ మెల్లగా పైకి పాకుతుంటే మెయిన్ ఫిల్టర్ బలహీనపడింది. బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుంటే సప్లయ్ వోల్టేజీ తక్కువ. సిరీస్ బోర్డు మీద ఉన్నప్పుడు మాత్రం బొమ్మ ముడుచుకోవడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

ట్యూనరు పాయింట్లు నల్లబడి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి, నాబ్‌ను ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. ఆ రోజుల్లో షాపుల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, ఎక్కడైనా సీసా మిగిలి ఉన్నా ముట్టుకోవద్దు.

పాల్ బి
బొమ్మ ఎక్కడి నుంచి రావాలన్నది అసలు ప్రశ్న. గాల్లో దూరదర్శన్ అనలాగ్ సిగ్నల్ ఇప్పుడు లేదు. మీరే గదిలో తయారుచేసుకోవాలి, దానికి ఆర్ఎఫ్ మాడ్యులేటర్ (ప్లేయర్ బొమ్మను, సౌండును టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కావాలి. చాలామంది ఇక్కడే తప్పు కొంటారు. మన పాత సెట్లు వీహెచ్ఎఫ్ మాత్రమే పడతాయి: 2 నుంచి 4 ఛానళ్లు 47–68 మెగాహెర్ట్జ్ మధ్య, 5 నుంచి 12 ఛానళ్లు 174–230 మధ్య. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో చాలావరకు యూహెచ్ఎఫ్‌వి, లేదా అమెరికా పద్ధతివి. కొనేముందు మూడు అడగండి: పాల్ బి (మన దేశపు టీవీ సిగ్నల్ పద్ధతి) ఉందా, 2–12లో ఏదైనా ఛానల్ ఇస్తుందా, బొమ్మకూ సౌండుకూ మధ్య 5.5 మెగాహెర్ట్జ్ తేడా ఉందా. ఆ తేడా 4.5 గానీ 6.5 గానీ అయితే బొమ్మ చక్కగా వచ్చి, సౌండు బదులు బుస్సుమంటుంది.

కేబుల్ డిజిటల్ అయ్యాక ఆపరేటర్లు వదిలేసిన ఒకే ఛానల్ మాడ్యులేటర్లు దీనికి అన్నిటికంటే మంచివి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకండి. అయితే వాటి అవుట్‌పుట్ ఊరంతటికీ పంపేంత గట్టిగా, 100 డెసిబెల్ మైక్రోవోల్టుల దాకా ఉంటుంది. టీవీకి 60–70 చాలు. మధ్యలో 20 డెసిబెల్‌ది ఒకటి, 10 డెసిబెల్‌ది ఒకటి అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను తగ్గించేవి) పెట్టండి. లేకపోతే బొమ్మ పైభాగం వంగిపోతుంది, సౌండులో జుమ్మని మోత వస్తుంది. మాడ్యులేటర్ నుంచి 75 ఓముల కోయాక్స్ కేబుల్, అక్కడి నుంచి చిన్న బాలున్ (75ను 300 ఓములకు కుదిర్చే ముక్క) పెట్టి సెట్ వెనక 300 ఓముల స్క్రూలకు కలపాలి.

ఇంకో జాగ్రత్త. ఆ కాలపు చాలా సెట్లలో ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా కరెంటుకే కలిసి ఉంటుంది. టెస్టర్ పెట్టి చూస్తే వెలుగుతుంది. అందుకే లోపల టంకం పెట్టి ఆడియో-వీడియో వైరు బయటికి లాగకండి, యాంటెన్నా స్క్రూల ద్వారానే ఇవ్వండి. పిల్లలు వచ్చే చోటు కాబట్టి 230కి 230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తప్పనిసరిగా పెట్టండి. వాల్వులూ ట్రాన్సిస్టర్లూ కలిసిన హైబ్రిడ్ సెట్ అయితే 250 వీఏ, ట్రాన్సిస్టర్ల సెట్ అయితే 150 వీఏ సరిపోతుంది.

ప్లేయర్‌లో రంగు పూర్తిగా తగ్గించండి. రంగు సిగ్నల్ వెళ్తే 4.43 మెగాహెర్ట్జ్ చుక్కల జల్లెడ బొమ్మ మీద కనబడుతుంది. తెర 4:3 కాబట్టి ప్లేయర్‌లోనూ 4:3 ఎంచుకోండి, లేకపోతే మనుషులు సన్నగా సాగిపోతారు.

మిద్దె మీది గొట్టం
యాంటెన్నా సంగతి నేను చెప్త. సిటీల అన్ని యాంటెన్నాలు దూరదర్శన్ టవర్ ఉన్న రామంతాపూర్ దిక్కే సూస్తుండె. మెహిదీపట్నం మిద్దెల మీద తూర్పుకు, చార్మినార్ కాడ ఈశాన్యానికి, కూకట్‌పల్లిల ఆగ్నేయానికి, ఉప్పల్ల పడమరకు. పొట్టి రాడ్ల దిక్కు టవర్‌కు ఉండాలె, పొడుగు రాడ్ ఎనుకకు. ఫొటోల కోసం శానామంది ఉల్టా కడ్తరు, గది జర సూస్కోండ్రి.

మీ యాంటెన్నా ఏ బ్యాండ్‌దో టేపు పెట్టి కొలిస్తె తెలుస్తది. 143ను మెగాహెర్ట్జ్‌తోని భాగిస్తె మడత డైపోల్ (ఫీడర్ వైరు కలిపే రాడ్) పొడుగు మీటర్లల్ల వస్తది. 4వ ఛానల్‌కు నడుమ 64.5, అంటె 2.2 మీటర్లు. 7వ ఛానల్‌కు 191.5, అంటె 75 సెంటీమీటర్లు. ఎనుక రిఫ్లెక్టర్ గంతకంటె నూటికి ఐదు పాళ్లు ఎక్కువ, ముందటి డైరెక్టర్ ఐదు పాళ్లు తక్కువ.

చదును ఫీడర్ వైరును ఇనుప పైపుకు ఆనిచ్చి కట్టొద్దు. పది సెంటీమీటర్లన్న దూరంల ప్లాస్టిక్ కొక్కేలు పెట్టాలె, ఫీటుకు ఒక మెలిక తిప్పాలె. వాన పడి వైరు మీద నీళ్లు నిలిస్తె తెర మీద చుక్కలు లేస్తయి. ఎండకు తెల్లగ పగిలిన వైరు ఎంత తుడిచినా బాగుపడది, మార్చాలె. అల్యూమినియం మీద రాగి తీగ నేరుగ బిగిస్తె నాలుగు వానలకే తెల్ల పొడి పట్టి కాంటాక్టు పోతది. నడుమ కళాయి పూసిన లగ్గు, ఇత్తడి స్క్రూ ఉండాలె. సిగ్నల్ పెంచే బూస్టర్‌ను టీవీ కాడ కాదు, పైన గొట్టం మీద పెట్టాలె. కింద పెడితె దారిల పట్టుకున్న చుక్కలను గూడ పెంచుతది. సంక్రాంతి అయినంక రాడ్లకు సుట్టుకున్న మాంజ తియ్యకుండ గొట్టం తిప్పితె రాడ్లు వంగుతయి, గది గూడ గుర్తువెట్టుకోండ్రి.

చిక్కడపల్లి లైబ్రరీ
చాలా మంచి వివరాలు. ఒక సందేహం: ఒక మనిషి పక్కనే మసక మసకగా ఇంకో మనిషి కనబడే బొమ్మను పిల్లలకు ఎలా వివరించాలి? అలాగే మాడ్యులేటర్‌ను పైనున్న యాంటెన్నాకే కలిపేస్తే సెట్‌కు వైరు లేకుండా బొమ్మ వస్తుందా?

పాల్ బి
రెండోది వద్దేవద్దు. అలా చేస్తే మీరు ప్రసారం చేస్తున్నట్టే. అది చట్టవిరుద్ధం, ఆ పౌనఃపున్యాలు వేరే సేవలకు అడ్డు వస్తాయి. యాంటెన్నా ఊరికే చూపించండి, సెట్‌కు వైరు మాత్రం మాడ్యులేటర్ నుంచే వెళ్లాలి.

మొదటిదాన్ని నీడబొమ్మ అనండి. సిగ్నల్ నేరుగా ఒకటి, నౌబత్ పహాడ్ లాంటి గుట్టకో పెద్ద భవనానికో తగిలి ఆలస్యంగా ఇంకొకటి వస్తుంది. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. 20 అంగుళాల సెట్‌లో తెర వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. కాబట్టి నీడ కుడివైపు ఒక సెంటీమీటరు జరిగి కనబడితే రెండో సిగ్నల్ సుమారు 400 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చినట్టు. స్కేలు పెట్టి కొలిపించండి, ఎనిమిదో తరగతి పిల్లలు లెక్క కట్టేస్తారు. బూస్టర్ పెడితే నీడ పోదు, నీడ కూడా బలపడుతుంది. యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పి, నీడ వచ్చే దిక్కుకు దాని పక్క భాగం పడేలా నిలపడమే మందు.

గోడమీది పట్టిక
వివరాల బోర్డుకు ఇవి రాసుకోవచ్చు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న, శాంతి స్వరూప్ గారి గొంతుతో. అప్పట్లో టెలీప్రాంప్టర్ లేదు, స్క్రిప్టును ముందే కంఠస్థం చేసుకుని కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. రంగుల ప్రసారం, జాతీయ కార్యక్రమం 1982 ఆగస్టు 15 నుంచి. అప్పట్లో శుక్రవారం సినిమా పాటల చిత్రలహరి, శనివారం సాయంత్రం తెలుగు సినిమా, ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వచ్చేవి. ఈటీవీ 1995 ఆగస్టు 27న వచ్చింది. 2014లో తెలంగాణకు దూరదర్శన్ యాదగిరి ఛానల్ వేరైంది.

తార్నాక
తెలుగు టీవీ 1977లో మొదలైందని రాయకండి, అంతకుముందే సైట్ (ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ చూపించిన ప్రయోగం) ఉంది.

గోడమీది పట్టిక
నిజమే, నేను కేంద్రం తేదీయే చెప్పాను. రెండూ రాయాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 ఊళ్లకు నేరుగా కార్యక్రమాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఊళ్లకు తెలుగులో. సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్‌ది, అందుకే పది అడుగుల కోళ్లజాలీ గొడుగుతో పట్టుకునేవారు. ఆ గొడుగుకూ మిద్దె మీద రాడ్ల యాంటెన్నాకూ సంబంధం లేదు, రెండూ పక్కపక్కన ఒకటే అన్నట్టు పెట్టవద్దు.

గదిలో పెట్టదగ్గవి మరికొన్ని: పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి రాయించుకునే టీవీ లైసెన్సు పుస్తకం, పైన నీలం, కింద ఆకుపచ్చ ఉండే ప్లాస్టిక్ రంగుల షీటు, సెట్ మీద కప్పే అల్లిక గుడ్డ, స్టెబిలైజరు. "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న కార్డును సినిమా మధ్యలో ఒక నిమిషం వేయండి. ఆ కార్డు లేకుండా ఆ సాయంత్రం పూర్తికాదు.

లూప్ చూడండి
16 ఎంఎం గురించి. ముందు రీళ్ల డబ్బా తెరిచి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లుతోంది, మిగతా రీళ్ల నుంచి వెంటనే వేరుచేయాలి, లేకపోతే వాటికీ సోకుతుంది. తర్వాత ఫిల్మును బల్ల మీద చదునుగా పరిచి 100 చిల్లుల దూరం కొలవండి. కొత్తగా ఉన్నప్పుడు అది 762 మిల్లీమీటర్లు. 754 దాకా తగ్గితే ఒక శాతం కుంచించుకుపోయింది, ఫిల్మును లాగే ప్రొజెక్టరు గోరు చిల్లులను చింపేస్తుంది, వేయకండి.

సౌండ్ ప్రింటుకు చిల్లులు ఒకవైపే ఉంటాయి. రెండు వైపులా పళ్లున్న సైలెంట్ ప్రొజెక్టరులో పెడితే రెండో అంచు మొత్తం తెగిపోతుంది.

గేటుకు (లెన్సు వెనక ఫిల్ము నడిచే చోటుకు) పైన ఒక లూప్, కింద ఒక లూప్ వదులుగా వదలాలి. పై లూప్ పోతే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. కింది లూప్ చిన్నదో పెద్దదో అయితే మాటకూ పెదవికీ పొంతన ఉండదు, ఎందుకంటే సౌండు దాని బొమ్మకంటే 26 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. సౌండు అసలే రాకపోతే ముందు ఎక్సైటర్ బల్బు (ఫిల్ము మీది సౌండు పట్టీ మీద వెలుగు వేసేది) చూడండి. మసకగా వస్తే సౌండు లెన్సు మీది దుమ్ము తుడవండి.

నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 1600 అడుగుల రీలు 44 నిమిషాలు. నాలుగు రీళ్లంటే మూడు గంటలకు కాస్త తక్కువ. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ హాళ్లలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి, రీలు చివర కుడిపక్క పైమూల చుక్క పడగానే ఆపరేటర్ రెండోదానికి మార్చేసేవాడు. మీకు ఒకటే కాబట్టి ప్రతి రీలుకూ ఐదు నిమిషాలు విరామం. ఆ వ్యవధిలో ఫ్యాన్ ఆపకండి, బల్బు వేడికి గాజు పగులుతుంది.

తెర వెడల్పు 3 మీటర్లు, లెన్సు 50 మిల్లీమీటర్లు అయితే ప్రొజెక్టరు 15.5 మీటర్ల దూరంలో ఉండాలి. లెన్సు పొడవును 9.65తో భాగించి తెర వెడల్పుతో గుణించడమే లెక్క. స్పీకరు ప్రొజెక్టరు దగ్గర కాదు, తెర పక్కన పెట్టండి.

చిక్కడపల్లి లైబ్రరీ
మొదటి రీలు 761 ఉంది, రెండోది 752, దానికి వెనిగర్ వాసన కూడా. మూడు, నాలుగు బాగున్నాయి. రెండోదాన్ని పక్కన పెట్టి మిగతావి వేయొచ్చా? తెర వెనక కూడా జనం కూర్చుంటామంటున్నారు.

లూప్ చూడండి
రెండోదాన్ని మూత వదులుగా పెట్టి, గాలాడే వేరే గదిలో ఉంచండి, ప్రొజెక్టరుకు తగలనివ్వకండి. మిగతా మూడూ వేయండి, కాకపోతే రెండో రీలు కథను మైకులో ఎవరైనా చెప్పాలి. తెర వెనక కూర్చోవచ్చు, పలచని ఒంటి పొర తెల్ల నూలు గుడ్డ అయితేనే బొమ్మ అవతలికి దిగుతుంది. పేర్లు మాత్రం అద్దంలోలా తిరగబడి ఉంటాయి. గుడ్డకు నాలుగువైపులా అడుగుకొక చిల్లు వేసి తాడుతో లాగి కట్టండి, కింది అంచు వదిలేస్తే గాలికి ఫోకస్ పోతుంది.