గుంపులో ఎవరూ ముందుకు రారెందుకు?

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో ఒక పెద్దాయన కళ్లు తిరిగి కూలబడితే, చుట్టూ అంతమంది ఉన్నా కాసేపటి వరకు ఎవరూ పలకరించలేదు. సామాజిక మనస్తత్వశాస్త్రం దీన్ని ఎలా వివరిస్తుంది?

జవాబు 1: దీన్ని కేవలం కఠినత్వం అనలేమండి. 1968లో లతానే, డార్లీ అనే పరిశోధకులు గదిలోకి పొగ వదిలి చూసినప్పుడు, ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది ఆ సంగతి బయటికి తెలియజేయగా, కదలవద్దని ముందే చెప్పి కూర్చోబెట్టిన ఇద్దరి పక్కన ఉన్నవారిలో 10 శాతం మందే ఆ పని చేశారు. ఎదుటివారు నిశ్చింతగా కనిపిస్తే ప్రమాదం లేదనుకుంటాం.

జవాబు 2: పైగా, మంది పెరిగేకొద్దీ బాధ్యత పలచబడుతుంది. అందుకే "ఎవరైనా రండి" అని అరవకుండా, "నీలం చొక్కా అన్నా, 108కి ఫోన్ చేయండి" అని ఒక్కరినే అడగాలి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి, రెండోది వెంటనే ఆచరించదగినది.