‘శోధకం’ అందామా, ‘పసికట్టేది’ అందామా?

ప్రశ్న: నమస్కారమండీ. కుషాయిగూడలో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెబుతాను. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి అణు చర్యలను కొలిచే డిటెక్టర్ల మీద తెలుగులో చార్టులు రాయిస్తున్నాం. డిటెక్టర్‌ని ‘శోధకం’ అని రాశాం. మా అత్తగారు చూసి, ‘పసికట్టేది’ అంటే పిల్లలకు ఇట్టే తెలుస్తుంది కదా అన్నారు. ఏది రాయమంటారు?

జవాబు: మేడమ్, మీ అత్తగారి మాటకే నా ఓటు. ఉద్యోగమంతా ఈ పరికరాల తయారీలోనే గడిచింది నాకు. శోధించడమంటే వెతకడం. డిటెక్టర్ వెతకదు. ఉన్నచోటే ఉంటుంది. కణం వచ్చి తగిలి తన శక్తిలో ఎంతో కొంత వదిలితే, ఆ ఆనవాలును పట్టుకుంటుంది. ‘పసి’ అంటే వాసన. కంటికి కనబడనిదాన్ని ఆనవాలుతో తెలుసుకోవడమే పసికట్టడం.

అయితే అణు చర్యలను కొలిచేవాళ్లకు పసికడితే చాలదు, వచ్చిందేమిటో, ఎంత శక్తితో వచ్చిందో తేలాలి. గైగర్ గొట్టం ‘ఏదో వచ్చింది’ అని టిక్కుమంటుంది, అంతే. ఏ కణం తగిలినా దాని పల్స్, అంటే విద్యుత్ స్పందన, ఒకే సైజు. సోడియం అయొడైడ్ స్ఫటికం అలా కాదు. గామా కిరణం అందులో ఎంత శక్తి వదిలితే అంతకు తగ్గట్టు వెలుగుతుంది. ఆ వెలుగును ఫోటోమల్టిప్లయర్ గొట్టం పల్స్‌గా మారుస్తుంది. ఏ శక్తితో ఎన్ని పల్స్‌లు వచ్చాయో గ్రాఫ్ గీస్తే ఒక్కో గామాకు ఒక్కో శిఖరం లేస్తుంది. కానీ సీజియం-137 ఇచ్చే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తికి కొలత) గామా దగ్గర ఆ శిఖరం వెడల్పు ఆ శక్తిలో సుమారు 7 శాతం ఉంటుంది. పక్కపక్కనే రెండు గామాలుంటే కలిసిపోతాయి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన జెర్మేనియం స్ఫటికంలో కోబాల్ట్-60 గామా, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, దాదాపు 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పులో నిటారుగా నిలబడుతుంది. పక్కపక్కనున్న గామాలు ఇలా విడివిడిగా కనబడితేనే చర్యలో ఏ కేంద్రకం పుట్టిందో చెప్పగలం.

న్యూట్రాన్ సంగతి ఇంకా బాగుంటుంది, పిల్లలకు తప్పకుండా చెప్పండి. దానికి ఆవేశం లేదు, వాయువులోంచి పోయినా దారిలో అయాన్ల జాడ మిగల్చదు. అందుకని గొట్టంలో హీలియం-3 నింపుతారు. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ను అది మింగి, ఒక ప్రోటాన్, ఒక ట్రైటాన్ (బరువైన హైడ్రోజన్ అయిన ట్రిటియం కేంద్రకం) వదులుతుంది. రెండిటికీ కలిపి 764 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. మనం పట్టుకునేది వాటిని. ఒక అణు చర్యను కొలవడానికి గొట్టంలోనే ఇంకో అణు చర్య జరిపిస్తున్నామన్నమాట.

ఇంకొకరు: కణం తగిలినప్పుడు స్ఫటికం అలా వెలగడాన్ని సింటిలేషన్ అంటారు కదా, దానికి ‘దీప్తి’ అందామా సార్?

జవాబు: దీప్తి అంటే నిలకడగా వెలిగేదనిపిస్తుంది తమ్ముడూ. ఇది రెప్పపాటు కూడా ఉండదు. ‘మిణుకు’ అనండి. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణాలు తగిలినప్పుడల్లా వచ్చే మిణుకులను మైక్రోస్కోపులో కళ్లతో లెక్కపెట్టారు. పరమాణువులో కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చింది ఆ లెక్కలతోనే.

ప్రశ్న అడిగినవారు: అయితే శీర్షికలో ‘పసికట్టేది’ అనే పెట్టేయనా?

జవాబు: శీర్షికలో డిటెక్టర్ అనే ఉంచండి మేడమ్. 1967లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్) వచ్చినప్పటి నుంచి మన చుట్టుపక్కల కాలనీల్లో అది ఇంటి మాటే. కిందే ‘రేడియేషన్‌ను పసికట్టి కొలిచే పరికరం’ అని రాయించండి. ‘కొలిచే’ మాత్రం వదలొద్దు.