ఉరుముల వాన వచ్చినప్పుడు ఏమేం రాసుకోవాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. నిన్న సాయంత్రం నాలుగున్నరకి పడమర నుంచి మబ్బు కమ్ముకొచ్చింది, ముందు దుమ్ము గాలి, తర్వాత పావుగంట వడగళ్లు, రేకుల మీద ఒకటే మోత, ఒక్కోటి రేగుపండంత ఉంది. ఇకనుంచి నోట్‌బుక్‌లో రాద్దామనుకుంటున్నా, ఏం రాయాలి?

రిప్లై 1: టైమ్ ముఖ్యం అన్నా. మొదటి ఉరుము ఎప్పుడు, గాలి ఎటు తిరిగింది, ఎప్పుడు చల్లబడ్డది ఇవన్నీ రాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే సుమారుగా ఎన్ని కిలోమీటర్లో తెలుస్తది. వడగళ్ల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తియ్యి, కానీ వాన పూర్తిగా ఆగాకే.

రిప్లై 2: వీడియో కోసం డాబా మాత్రం ఎక్కకు తమ్ముడూ, ఉరుము వినపడిందంటే పిడుగు మనదాకా రాగలదు, చివరి ఉరుము అయ్యాక 30 నిమిషాలు ఇంట్లోనే ఉండు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ పెట్టుకో, 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు చూపిస్తది.

రిప్లై 3: వాన కొలవాలంటే నిటారు అంచులున్న డబ్బా చెట్టుకీ గోడకీ దూరంగా పెట్టు, రోజూ పొద్దున 8:30కి స్కేలుతో మిల్లీమీటర్లు చూడు, వాతావరణ శాఖ లెక్కా ఆ టైమ్‌కే.