చెల్లెలి సంతకం: ఇరవై ఏళ్లుగా మనసును వదలని తప్పు

రేపల్లె వాసి:

అందరికీ వందనాలు. నా వయసు 56. రేపల్లె వైపు ఒక డెల్టా గ్రామం మాది. తాతల కాలం నుంచి లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం. ఇది ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. పేరు లేకుండా రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

నాన్న 2003లో వీలునామా రాయకుండానే పోయారు. రెండెకరాల నలభై సెంట్ల మాగాణి ఉంది. అమ్మ, నేను, చెల్లెలు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు మూడో వంతు పోను, మిగిలినది కొడుకుకూ కూతురికీ సమానం. అంటే తలా ఎనభై సెంట్లు. దస్తావేజు రాసిన మనిషి ఈ లెక్క నాకు ముందే విడమరచి చెప్పాడు. చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు పొలంలో ఏముంటుందని మా ఊళ్లో అందరూ అనుకునే మాటే ఆమే అనుకుంది. నేను అలాగే అనుకోనిచ్చాను.

2004 మార్చిలో ఆమెను సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రమ్మన్నాను. పొలం మీద బ్యాంకు అప్పు తీసుకోవాలి, కాగితాలన్నీ ఒకరి పేరు మీద ఉంటే పని తేలిక అని చెప్పాను. అప్పుడు ఆమెకు ఏడో నెల. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి చెరకు రసం తెప్పించి ఇచ్చాను. అమ్మ అన్నీ తెలిసే సంతకం చేసింది. చెల్లెలి ముందు కాగితం పెట్టి, చదువుతావా అని మాట వరసకు అడిగాను. "నువ్వు చూశావుగా అన్నయ్యా" అని కలం అందుకుంది. అది హక్కు విడుదల పత్రం. ఇష్టపూర్వకంగానే చేస్తున్నావా అమ్మా అని లోపల అధికారి అడిగితే, నా వైపు చూసి తల ఊపింది.

తరువాత మా బావ వ్యాపారం దెబ్బతిన్నది. వాళ్లు తెనాలిలో అద్దె గదికి మారారు. చెల్లెలు కుట్టు మిషను మీద ఇల్లు నెట్టుకొస్తోంది. ఒకసారి పిల్లవాడి ఫీజుకు ఇరవై వేలు అడిగితే పది వేలు ఇచ్చాను. అది కూడా చాలా చేసినట్టు నలుగురిలో చెప్పుకున్నాను. అమ్మ 2011లో పోయింది. 2013లో నా కూతురి పెళ్లికి తొంభై సెంట్లు అమ్మాను. ఇంకా ఎకరం యాభై సెంట్లు నా పేరు మీదే ఉంది.

చెల్లెలు ఏనాడూ ఏమీ అడగలేదు. ప్రతి క్రిస్మస్‌కు అరిసెలు పంపుతుంది. ఆ డబ్బా మూత తీయడానికి నా చేతులు రావు.

దేవుని ముందు ఒప్పుకున్నాను, అదీ ఒకసారి కాదు. శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట ఉన్నాను. ఉపవాస ప్రార్థనల్లో ఏడ్చాను. మందిరానికి మైకు సెట్టు కొనిచ్చాను. ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లో పాపపు ఒప్పుకోలు అందరికంటే గట్టిగా చెబుతాను. అయినా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర మోకరించినప్పుడల్లా ఆ వరండా, ఆ చెరకు రసం గ్లాసు కళ్ల ముందుకు వస్తాయి. దేవుడు నన్ను క్షమించలేదా? లేక క్షమాపణను అందుకునే విశ్వాసం నాలో లేదా?

విశ్వాస బాట:

అన్నా, రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం చదవండి. క్రీస్తులో ఉన్నవారికి శిక్షావిధి లేదు. మీరు ఒప్పుకున్నారు, ఆయన క్షమించాడు. పాతవన్నీ తెచ్చి చూపించేది అపవాది, అంటే సాతాను. ఆ తలంపు వచ్చినప్పుడల్లా యేసు నామంలో గద్దించండి. మరచిపోయి ముందుకు సాగండి.

రాత్రి డ్యూటీ:

అన్నయ్య గారికి వందనాలు. పైన తమ్ముడు ఇచ్చిన వచనం సత్యమే, నేను దాన్ని పట్టుకునే బతికాను. కానీ మరచిపోండి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా సంగతి చెబుతాను, కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. 1991లో ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో వరుసగా రెండో డ్యూటీ చేస్తున్నాను. రెండేళ్ల పాపకు వాంతులు, విరేచనాలు. ఒళ్లంతా ఎండిపోయి ఉంది, సెలైన్ ఎక్కుతోంది. రెండు దాటాక కుర్చీలో కూర్చున్నాను. కళ్లు మూతపడ్డాయి. లేచేసరికి నలభై నిమిషాలు గడిచాయి. సూది నరంలో నుంచి జారిపోయింది. నీరంతా చర్మం కింద చేరి చిన్న చెయ్యి బూరెలా ఉబ్బింది. ఒంటికి ఎక్కవలసిన చుక్క ఒక్కటి కూడా ఎక్కలేదు. డాక్టరు వచ్చి కాలికి మరో సూది పెట్టారు. తెల్లవారకముందే పాప పోయింది.

ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. పాప పరిస్థితి ముందే చేయి దాటిందన్నారు. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "రాత్రంతా కన్ను మూయకుండా చూశావు తల్లీ" అంది. మీ చెల్లెలు అన్న మాట చదివినప్పుడు నా గుండెలో ఆమె గొంతే వినిపించింది.

ఆ తరువాత పదకొండేళ్లు రాత్రి డ్యూటీలో నేను కుర్చీలో కూర్చోలేదు. కాళ్లు వాచినా నిలబడే ఉన్నాను. దాన్ని భక్తి అనుకున్నాను. నిజానికి ఆ పాప ప్రాణానికి వెల నా కాళ్లతో కట్టాలని చూశాను. ప్రార్థనలో కూడా "నా పాపములు క్షమించు తండ్రీ" అనేదాన్నే గానీ, "నేను నిద్రపోయాను" అన్న రెండు మాటలు నోటి వెంట రాలేదు. పాపములు అన్న బహువచనంలో ఎంతైనా దాగుతుంది.

2002లో, పదవీ విరమణ చేసిన మేట్రన్ అమ్మగారు ఒకరు ఉండేవారు. మట్టల ఆదివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి, గంటలతో, నిమిషాలతో సహా మొత్తం చెప్పాను. ఆమె నన్ను ఓదారుస్తుందని, అలసిపోయావు, నీ తప్పేముంది అంటుందని అనుకున్నాను. ఆమె అలా అనలేదు. చాలాసేపు మౌనంగా ఉండి, "అవునమ్మా, నువ్వు నిద్రపోయావు. పాప చనిపోయింది. ఆ నిద్ర కోసం కూడా ప్రభువు చనిపోయాడు" అన్నారు. తరువాత యాభై ఒకటో కీర్తన తీసి నా చేత పైకి చదివించారు.

ఎన్నో ఏళ్లుగా నేను విన్న క్షమాపణలన్నీ తప్పును చిన్నది చేసి ఇచ్చినవి. అందుకే అవి నాకు సరిపోలేదు. ఆమె నా తప్పును ఉన్నంత కొలతలో ఉంచి, దాని మీద సిలువను పెట్టారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని అన్నం తిన్నాను. ఆ పాప ఇప్పటికీ గుర్తు వస్తుంది, ఏడుస్తాను కూడా. కానీ ఇప్పుడు ఆ జ్ఞాపకం నా దగ్గర వెల అడగదు.

అన్నయ్యా, ఆ తల్లిది ఏ ఊరో నాకు తెలియదు. వెళ్లి చెప్పడానికి నాకు గడప లేదు. మీ చెల్లెలు తెనాలిలో ఉంది. మీరు గంటలో వెళ్లగలిగిన దూరానికి ఇరవై ఏళ్లుగా మందిరం చుట్టూ తిరుగుతున్నారు. మైకు సెట్టు ఎవరికి బాకీ ఉన్నారని కొన్నారు?

విశ్రాంత పాస్టరు:

సోదరికి వందనాలు. ఆమె చెప్పిన తరువాత నేను చెప్పవలసింది కొద్దిగానే ఉంది.

సోదరా, మీరు లూథరన్లమన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరిన లూథరు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికి రాగానే ఇంకొకటి గుర్తొచ్చి మళ్లీ వణికేవాడు. ఆయనకు గురువైన స్టౌపిట్జ్ ఆయన చూపును తన మీద నుంచి తప్పించి, క్రీస్తు గాయాల వైపు తిప్పడానికి ఎంతో ప్రయాసపడ్డాడు. ఆ లూథరే 1529లో రాసిన చిన్న కాటెకిజంలో, అంటే విశ్వాస బోధను ప్రశ్నలూ జవాబులుగా చెప్పే పుస్తకంలో, పాస్టరు ముందు ఒంటరిగా చేసే ఒప్పుకోలును తీసివేయకుండా ఉంచాడు. ఎందుకంటే మనసును పొడుస్తున్న ఆ ఒక్క తప్పును నోటితో చెప్పి, నీ పాపం క్షమించబడింది అన్న మాటను చెవితో వినాలి. మన సంఘాల్లో దీన్ని దాదాపు వదిలేశాం. నలభై ఏళ్ల సేవలో నా దగ్గరికి ఇలా వచ్చినవారు పది మంది కూడా లేరు. అందులో నా లోపం ఉంది, నేనూ ఎవరినీ పిలవలేదు.

ఆ వరండా కనిపించడం దేవుడు క్షమించలేదనడానికి గుర్తు కాదు. శిష్యుడైన పేతురు ప్రభువును ఎరగనన్నది బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ. పునరుత్థానం తరువాత ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున అతన్ని పిలిచింది కూడా బొగ్గుల నిప్పు దగ్గరికే. యోహాను సువార్త గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. మూడుసార్లు కాదన్నవాణ్ని మూడుసార్లు అడిగాడు. పేతురు నొచ్చుకున్నాడని కూడా రాసి ఉంది. ప్రభువును పట్టించిన యూదా కూడా బాధపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. కానీ ప్రభువు దగ్గరికి మాత్రం తిరిగి రాలేదు.

జనం దగ్గర అన్యాయంగా సొమ్ము తీసుకున్న సుంకరి జక్కయ్య విషయంలో వరుస చూడండి. ప్రభువు ముందే అతని ఇంటికి వచ్చాడు. నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట ఆ తరువాత వచ్చింది. కాబట్టి పొలం ఇచ్చి క్షమాపణ కొనుక్కోవడం అనుకోవద్దు, క్షమాపణ మీకు ఉంది కాబట్టే ఇవ్వగలరు. లేవీయకాండము ఆరో అధ్యాయం ప్రకారం, మోసంతో తీసుకున్న సొమ్మును మొత్తంగా, దానికి ఐదో వంతు కలిపి సొంతదారుకే ఇవ్వాలి. యాజకునికి కాదు.

ఒక్క మనవి. వెళ్లినప్పుడు ఆమె ముందు ఏడ్చి, ఆమే మిమ్మల్ని ఓదార్చవలసిన పరిస్థితి తేవద్దు. క్షమించమని తొందరపెట్టవద్దు. విశ్వాసురాలివి కదా, క్షమించాలి కదా అని అస్సలు అనవద్దు. ఆమెకు కోపం వస్తే, ఆ కోపానికి ఇరవై ఏళ్ల హక్కు ఉంది.

దస్తావేజు లేఖరి:

అయ్యగారు చెప్పిన ఐదో వంతు లెక్క వేశాను. ఎనభై సెంట్లకు పదహారు కలిపితే తొంభై ఆరు. మీ దగ్గర ఉన్న ఎకరం యాభైలో అది పోను యాభై నాలుగు సెంట్లు మిగులుతుంది. ఇన్నేళ్ల కౌలు సంగతి మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అన్న చెల్లెలికి సెటిల్మెంటు దస్తావేజు రాయవచ్చు. విక్రయ దస్తావేజు కంటే స్టాంపు ఖర్చు తక్కువ. ముందు సర్వే చేయించి హద్దులు సరిచూసుకోండి. రిజిస్ట్రేషన్ తరువాత పాసు పుస్తకంలో పేరు మారేవరకు మీరే వెంట ఉండి తిరగండి, ఆమెను తిప్పవద్దు. ఇంకొకటి: ముసాయిదా ఆమెకు ముందుగా ఇవ్వండి.

రేపల్లె వాసి:

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను. మొదట మా పాస్టరు గారి ఇంటికి వెళ్లి, తలుపు వేయించి, తేదీతో సహా చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి ఉంచి క్షమాపణ ప్రకటించారు. ఆదివారం ఎన్నోసార్లు విన్న మాటే. ఈసారి ఏ తప్పు గురించో తెలిసి విన్నాను.

శనివారం తెనాలి వెళ్లాను. చెల్లెలు జాకెట్టు కుడుతోంది. మిషను ఆపకుండానే వినడం మొదలుపెట్టింది, కాసేపటికి చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. ఏడవకూడదని చాలా కష్టపడ్డాను. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది: "వదినకు తెలుసా?" తెలియదన్నాను. "అయితే వదినకు చెప్పి రా" అని మళ్లీ మిషను తొక్కసాగింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నేను అడగలేదు.

నా భార్య మూడు రోజులు మాట్లాడలేదు. పొలం పోతుందని కాదు, ఇరవై ఏళ్లు పక్కన ఉన్న మనిషికి చెప్పనందుకు. నాలుగో రోజు తానే చీర మార్చుకుని, పద అంది. ఇద్దరం వెళ్లాం. వాళ్లిద్దరూ లోపల గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

తొంభై ఆరు సెంట్లకు ముసాయిదా రాయించి ఇచ్చి వచ్చాను. క్షమించానని చెల్లెలు ఇంతవరకు అనలేదు. మొన్న ఆదివారం బల్ల దగ్గర మోకరించినప్పుడు వరండా మళ్లీ కనిపించింది. ఈసారి కళ్లు గట్టిగా మూసుకోలేదు. చేతులు చాచి రొట్టె తీసుకున్నాను.

వచ్చే గురువారం రిజిస్ట్రేషన్. నిన్న రాత్రి చెల్లెలు ఫోను చేసింది. ముసాయిదా రెండుసార్లు చదివిందట. తూర్పు హద్దు గట్టు అని రాశారు, అక్కడ ఉన్నది బోదె, నాన్నతో నాట్లకు వెళ్లినప్పుడు అందులోనే కాళ్లు కడుక్కునేవాళ్లం, మార్పించు అంది. ఈ రోజు వెళ్లి మార్పించాను. మార్చిన కాగితం రేపు తీసుకెళ్లి ఇస్తాను, మళ్లీ చదువుతుందట.