క్యారెక్టర్ యాక్టర్ అంటే సహాయ నటుడేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ నటుడు పీట్ పోసల్‌థ్వెయిట్ మీద మా ఫిల్మ్ క్లబ్ కరపత్రానికి ఒక పేజీ రాస్తున్నాను. 'క్యారెక్టర్ యాక్టర్' దగ్గర బండి ఆగింది. నిఘంటువు తీస్తే శీలం, గుణం, స్వభావం అని ఉంది. 'శీల నటుడు' అని రాసి చూపిస్తే మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. చివరికి 'సహాయ నటుడు' అని సరిపెట్టాను. పర్వాలేదా?

జవాబు

నవ్వరా మరి! మనకు క్యారెక్టర్ అంటేనే నడవడిక. 'వాడి క్యారెక్టర్ మంచిది కాదు' అనే ఊళ్లో శీల నటుడంటే శీలం ఉన్నట్టు నటించేవాడు అనుకుంటారు. పత్రికల్లో 'గుణచిత్ర నటుడు' అని రాసేవారు. తమిళంలో అది ఇప్పటికీ రోజువారీ మాటే. అది వాడేయండి.

జవాబు

గుణచిత్రం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 'సహాయ' తీసేయండి సార్. సినిమాలో ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టారో ఆ మాట చెబుతుంది. ఆయన చేసే పని, అంటే రకరకాల మనుషులుగా మారిపోవడం, ఆ సంగతి చెప్పదు.

మీరు రాస్తున్న ఆయన్నే చూడండి. 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్' (1993)లో హీరో డేనియల్ డే-లూయిస్, ఈయన తండ్రి. చేయని నేరానికి కొడుకుతో పాటు జైలుపాలైన బెల్ఫాస్ట్ మనిషి. ఆ వేషానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది సహాయ నటుడి విభాగంలోనే (అవార్డు టామీ లీ జోన్స్‌కి పోయింది). అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే అది విభాగం పేరు.

మరి 1996లో వచ్చిన 'బ్రాస్డ్ ఆఫ్'? యార్క్‌షైర్‌లో బొగ్గుగని మూతపడబోతుంటే, ఆ కార్మికుల బ్యాండును నడిపించే డానీ ఈయనే. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము, అయినా ధ్యాసంతా పోటీ మీదే. ఆసుపత్రిలో పడితే బ్యాండు వాళ్లు రాత్రిపూట బయట నిలబడి, హెల్మెట్ దీపాల వెలుగులో 'డానీ బాయ్' వాయిస్తారు. సినిమా బరువంతా ఈయన మీదే ఉంది. ఇక్కడ ఈయన ఎవరికి సహాయం చేస్తున్నట్టు?

ఇంకా పైకి వెళ్దాం. 1970ల్లో లివర్‌పూల్ ఎవ్రీమ్యాన్ థియేటర్‌లో జూలీ వాల్టర్స్, బిల్ నై, జోనథన్ ప్రైస్ లాంటి వాళ్లతో కలిసి పనిచేసిన మనిషి, 2008లో అదే థియేటర్‌కి తిరిగొచ్చి కింగ్ లియర్ వేశాడు. లియర్ కన్నా పెద్ద వేషం షేక్‌స్పియర్‌లో ఎన్ని ఉన్నాయి? అయినా ఆయన్ని క్యారెక్టర్ యాక్టర్ అనే అన్నారు. ఆ మాటకీ వేషం సైజుకీ సంబంధం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

జవాబు

మంచి పాయింట్. మన ఇండస్ట్రీ మాట 'క్యారెక్టర్ ఆర్టిస్టు' కదా, ఇంగ్లీషువాళ్ల యాక్టర్ మన దగ్గర ఆర్టిస్టు ఎలా అయ్యాడు?

జవాబు

మన సినిమాల్లో ఆర్టిస్టు అంటే బొమ్మలు వేసేవాడు కాదుగా! జూనియర్ ఆర్టిస్టు, డబ్బింగ్ ఆర్టిస్టు, ఇది కూడా అదే వరస. పైగా ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, నటుడు/నటి గొడవ లేదు.

గుమ్మడి గారిని గుర్తు చేసుకోండి. వయసులో తనకంటే పెద్దవాళ్లయిన ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ తండ్రిగా వేశారు. పోసల్‌థ్వెయిట్ పుట్టింది 1946లో, డే-లూయిస్ 1957లో. పదకొండేళ్లే తేడా, అయినా సినిమా చూస్తున్నంతసేపూ తండ్రీకొడుకులే! రెండు చోట్లా అదే విద్య.

జవాబు

ఇన్ని మాటలయ్యాయి, అసలు మాట ఎవరూ ఎత్తలేదు: పాత్ర. సంస్కృతంలో 'పా' అంటే తాగడం, పాత్ర అంటే తాగడానికి పనికొచ్చే గిన్నె. దేన్నైనా పట్టగలిగేది కాబట్టి అర్హతకూ అదే మాట వచ్చింది, దయకు పాత్రుడు అంటామే అలా. నాటకంలో వేషమూ అదే. క్యారెక్టర్ యాక్టర్‌కి ఇంత దగ్గరి ఊహ ఇంగ్లీషులో కూడా లేదు: ఏం పోస్తే దాన్ని పట్టే గిన్నె.

దీనికి ఆయన సినిమాలోనే ఒక తమాషా ఉంది. 'ది యూజువల్ సస్పెక్ట్స్' (1995) చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. అందులో ఆయన కోబయాషి అనే లాయరు. పేరేమో జపాన్‌ది, మొహమేమో ఎముకలు పొడుచుకొచ్చిన చెంపలతో, ఆయన పుట్టిన ఇంగ్లండ్ ఊరు వారింగ్టన్ మొహం, ఏ దేశానిదో తేలని యాస. ఏమిటీ అతకని వేషం అనుకుంటూ కూర్చుంటాం. చివర్లో విచారణ చేస్తున్న కస్టమ్స్ అధికారి చేతిలోని కాఫీ కప్పు కింద పడి పగులుతుంది. అడుగున తయారీదారు పేరు: కోబయాషి. కథ చెప్పినవాడు ఎదురుగా ఉన్న కప్పు మీది పేరు చూసి ఆ మనిషికి తగిలించాడన్నమాట. పాత్రకు పేరు పాత్ర నుంచే వచ్చింది! ఈ శ్లేష ఇంగ్లీషులో పండదు, పాత్ర అనే మాట ఉన్న మన భాషల్లోనే పండుతుంది. మీ కరపత్రంలో ఇది పెట్టకపోతే నేను ఊరుకోను.

ప్రశ్న అడిగినవారు

పెట్టేశాను. 'సహాయ నటుడు' ఆస్కార్ వాక్యంలో మాత్రం ఉంచి, మిగతా అంతా 'క్యారెక్టర్ ఆర్టిస్టు' చేశాను. గుణచిత్రం మా క్లబ్ పిల్లలకు అర్థం కాదు, క్షమించాలి. స్పీల్‌బర్గ్ ఆయన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడన్న సంగతి శీర్షికగా పెడదామనుకున్నాను. కానీ దాని మీద ఆయనే జోకు వేశాడు: అసలు స్పీల్‌బర్గ్ అన్నది 'తానే గొప్ప నటుడినని పీట్ అనుకుంటాడు' అనేనట. అందుకని మానేశాను.

ఇక ఒక్క టెన్షన్ మిగిలింది. ఇంటిపేరు. స్పెల్లింగ్‌లో మధ్యన ఒక 'ట' ఉంది, పలకరు. పోస్టిల్‌త్వైట్ అని రాయనా?

జవాబు

వద్దు, మీరు మొదట రాసిందే బాగుంది, పోసల్‌థ్వెయిట్. చివరి 'థ్వెయిట్' అంటే పాత నార్స్ భాషలో చెట్లు కొట్టి చదును చేసిన నేల. ఇంగ్లండ్ ఉత్తరాన ఊళ్ల పేర్లలో కనిపిస్తూ ఉంటుంది. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకేం కొత్త కాదు కాబట్టి, అది కూడా ఒక వాక్యం కలపండి.