తల్లి లేని పిల్లికూనలు రాత్రంతా అరుస్తున్నాయి, ఏం చేయాలి?

మాది మిర్యాలగూడ. మా వీధి చివర గోదాములో తల్లి లేకుండా మిగిలిన రెండు పిల్లికూనలను పెంచుకుందామని ఇంటికి తెచ్చుకున్నాము. కళ్లు తెరిచాయి కానీ ఇంకా నీలంగానే ఉన్నాయి. ముందు పళ్లు ఇప్పుడిప్పుడే చిగుళ్లలోంచి పొడుచుకొస్తున్నాయి కనుక వయసు మూడు, నాలుగు వారాల మధ్య ఉంటుందని అనుకుంటున్నాను. పగలు కొంత నయమే గాని, రాత్రి లైటు తీసేయగానే మొదలుపెట్టి గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూనే ఉంటాయి. చిన్నది అట్టపెట్టె మూలకు పోయి, నోరు తెరిచినా శబ్దం రానంతగా అలసిపోతుంటే చూడలేకపోతున్నాము.

ఆవుపాలలోని లాక్టోజ్ సరిగా అరగక కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి, పిల్లికూనల పాలపొడినే నల్లగొండ నుంచి తెప్పించి, గోరువెచ్చగా కలిపి, బోర్లా పడుకోబెట్టి సిరంజితో పడుతున్నాము. ఆ తరువాత తడిగుడ్డతో తుడిస్తే మూత్రం పోస్తున్నాయి, పొట్ట కూడా నిండుగానే ఉంటుంది. అయినా అరుపు ఆగదు. ఇది ఆకలా, చలా, తల్లి కోసం బెంగా? వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడితే తెల్లవారేదాకా సరిపోతుందా, మధ్యలో మార్చాలా? రాత్రి ఎన్ని గంటలకొకసారి పాలు పట్టాలి? ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించాలో, ఇంత చిన్న కూనలను పెంచిన అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.